పురిటింటి సందర్శనలు: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం మిగతా పనులు తగ్గించుకుని బాలింతల ఇళ్ళకు వెళ్ళడం మీదే ఎక్కువ దృష్టి పెట్టింది. కాన్పులన్నీ ఆసుపత్రిలోనే అవుతున్నాయి కదా, ఇంటికెళ్ళి చేసేదేముందని కొందరు సభ్యులు అడిగారు. నిజమే, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96 కాన్పులు ఆసుపత్రుల్లోనే. అదే సర్వేలో ఇంకో లెక్క కూడా ఉంది. పుట్టిన ప్రతి వెయ్యిమందిలో ఏడాది నిండకుండా చనిపోతున్నవాళ్ళు సుమారు 30 మంది. వాళ్ళలో 20 మంది దాకా మొదటి నెల కూడా దాటడం లేదు. ఆ నెలలో చాలా రోజులు బిడ్డ ఉండేది ఇంట్లోనే.

అందుకే 2011 నుంచి ప్రభుత్వం ఆశా కార్యకర్తలను బాలింతల ఇళ్ళకు పంపుతోంది. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్ళాలి. ఇంట్లోనే అయితే మొదటిరోజు కూడా. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణి బంగ్ అనే డాక్టర్ దంపతులు ఊరి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి పసికందుల మరణాలను సగానికి పైగా తగ్గించి చూపించారు. ఈ పథకానికి దారి చూపింది ఆ పనే. మన కార్యకర్తలు ఆశాల పనిని చేతుల్లోకి తీసుకోలేదు, వాళ్ళకు తోడుగా వెళ్ళారు.

శ్రీకాకుళం జిల్లాలో సోంపేట, కంచిలి, మందస వైపు మనకు ఎదురైన పెద్ద చిక్కు పుట్టిల్లే. తొలికాన్పుకు అమ్మాయి పుట్టింటికి వస్తుంది. పేరు మాత్రం అత్తవారి ఊరి ఆశా దగ్గర ఉంటుంది. ఆవిడ వెళ్ళేసరికి ఇంట్లో బాలింత ఉండదు. పుట్టింటి ఊరి ఆశాకు కబురు అందేసరికి అసలైన మొదటి వారం గడిచిపోతుంది. ఇచ్ఛాపురం దగ్గరైతే పుట్టిల్లు ఒడిశాలోని గంజాం జిల్లాలో ఉండొచ్చు, అప్పుడు రాష్ట్రమే మారిపోతుంది. మగవాళ్ళు హైదరాబాదో, విజయవాడో పనికి వెళ్ళిన ఇళ్ళలో ఈ కబురు చేరవేసే మనిషే ఉండడు. అందుకని గర్భిణి ఊళ్ళోకి రాగానే పొదుపు సంఘం ఆడవాళ్ళు తల్లీబిడ్డల రక్షణ కార్డు ఫొటో తీసి రెండు ఊళ్ళ ఆశాలకూ ఫోన్‌లో పంపే ఏర్పాటు చేశాం. ఈ ఏడాది మనం చేసిన పనుల్లో ఇదే అన్నిటికన్నా మేలు చేసిందని కార్యవర్గం అభిప్రాయం.

ఇంట్లోకి వెళ్ళాక మాట్లాడాల్సింది అమ్మమ్మతో. బిడ్డకు నీళ్ళు పోసేది, బాలింతకు పథ్యం పెట్టేది ఆవిడే. బాలింతకు చెప్పి వచ్చేస్తే ఆ మాట నిలవదు. తేనె నాకించడం, ఆముదం చుక్క వేయడం, బొడ్డుకు పసుపో బూడిదో రాయడం, మూసిన గదిలో సాంబ్రాణి పొగ పెట్టడం ఇంకా ఉన్నాయి. బాలింతకు మంచినీళ్ళు కూడా కొలిచి ఇచ్చే ఇళ్ళున్నాయి. ఇవన్నీ ప్రేమతో చేసేవే కాబట్టి తప్పుపట్టినట్టు మాట్లాడకూడదని మనతో వచ్చే రిటైర్డ్ నర్సమ్మ గారు ముందే చెప్పారు. ఆవిడ మొదట బిడ్డను తూచి, జ్వరం చూసి, ఆ తర్వాతే మాట కలుపుతారు. ముర్రుపాలు పట్టారా, ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా వద్దని తెలుసా, బొడ్డును పొడిగా వదిలేశారా అని అడుగుతారు.

చలికాలంలో ఒక ఇంట్లో బిడ్డ రెండున్నర కేజీల కన్నా తక్కువ బరువుతో పుట్టింది. అలాంటి బిడ్డ ఒళ్ళు త్వరగా చల్లబడిపోతుంది. టోపీ, సాక్స్ తొడిగి, బట్టలు లేకుండా తల్లి ఛాతీకి హత్తుకుని ఉంచాలని చూపించాం. తర్వాతి వారం వెళ్ళేసరికి కూతురు నిద్రపోతోంది, బిడ్డను గుండెకు హత్తుకుని అమ్మమ్మ కూర్చుని ఉంది. ఈ పని ఇంట్లో ఎవరైనా చేయొచ్చని ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ చెబుతున్నాం.

ప్రమాద సూచనలు ప్రతి కార్యకర్తకూ నోటికి రావాలి. బిడ్డ పాలు తాగడం మానేసినా, నిమిషానికి 60 సార్లు, అంతకు మించి ఊపిరి తీసుకుంటున్నా, ఛాతీ లోపలికి లాక్కుంటున్నా, అరిచేతులు, అరికాళ్ళు పచ్చబడినా, ఫిట్స్ వచ్చినా రేపటిదాకా ఆగకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. జబ్బుపడిన బిడ్డకు ఏడాది వయసు దాకా ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం, రవాణా ఉచితం. డబ్బు టెన్షన్‌తో ఆగిపోయే ఇళ్ళలో ఈ సంగతే ముందు చెప్పాలి.

మందస కొండ మీది సవర గిరిజనుల గూడేలకు వానాకాలంలో వెళ్ళలేకపోయాం. అక్కడ సవర భాష మాట్లాడే కార్యకర్త లేకుండా వెళ్ళినా లాభం తక్కువ. అందుకే వచ్చే ఏడాది ఆ గూడేల అమ్మాయిలకే శిక్షణ ఇవ్వాలని నిర్ణయించాం.

విరాళాల్లో ఎక్కువ భాగం వేలాడే తూకాలు, థర్మామీటర్లు, ఉన్ని టోపీలకే ఖర్చయింది. జమాఖర్చుల పట్టికను సర్వసభ్య సమావేశంలో ఇస్తాం. మీ ఇంటికి గానీ పక్కింటికి గానీ ఆడపిల్ల పురిటికి వస్తే, వచ్చిన వారంలోపే కార్యదర్శికి చెప్పండి.