వృద్ధుల నివాస సముదాయం గోడు: కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి నమస్కారములు.

హన్మకొండలోని మా పదంతస్తుల భవనంలో ఉంటున్నవారమంతా అరవై దాటినవాళ్లమే. ఎదుటి ఖాళీ జాగాలో కొత్త టవర్లు లేస్తుండడంతో, ఇసుక లారీలు మా గేటు ముందే ఆగి అంబులెన్సుకు దారి లేకుండా చేస్తున్నాయి. అంతకన్నా బాధించేది లిఫ్టు. గత నెల కరెంటు పోయి, జనరేటర్ కూడా పనిచేయనప్పుడు, డయాలసిస్‌కు వెళ్లవలసిన ఏడో అంతస్తు పెద్దమ్మను వాచ్‌మన్, ఆమె అల్లుడు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మెట్టుమెట్టుకూ ఆగుతూ దింపారు. కిందికి చేరేదాకా ఆమె రెయిలింగు మీంచి చెయ్యి తీయలేదు. 2020 ఆగస్టు వరదలో ఈ ఊరి కాలనీలు మునగడం కళ్లారా చూసిన మాకు, ఆ జనరేటర్ సెల్లారులోనే ఉండడం మరింత భయం కలిగిస్తున్నది. వయోవృద్ధుల ప్రాణరక్షణ గురించి 2007 నాటి చట్టమే చెబుతున్నందున, వానాకాలం ముదరకముందే లిఫ్టును, జనరేటర్‌ను తనిఖీ చేయించి, లారీలను వెనుక వీధికి మళ్లించవలసిందిగా వేడుకుంటున్నాము.

ఇట్లు,
నివాసితుల తరఫున ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు