అటాస్ చేతికొచ్చింది: సాయపడ్డవాళ్లందరికీ కృతజ్ఞతలు

అటాస్ సర్టిఫికెట్ వచ్చింది. దాని వెనకే వీసా కూడా వచ్చేసింది. జనవరిలో ఇంగ్లండ్‌లో పీహెచ్‌డీలో చేరుతున్నాను. "ఇంతకీ ఎప్పుడెళ్తున్నావ్?" అని అడిగి అడిగి విసిగిపోయినవాళ్లందరికీ ఇదే జవాబు. ఈ మధ్యలో నాకు సాయపడ్డవాళ్లు చాలామందే ఉన్నారు. మా పేర్లు మాత్రం పెట్టొద్దన్నారు కాబట్టి, పేర్లు లేకుండానే ఎవరు ఏం చేశారో చెబుతాను.

అటాస్ అంటే తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. బ్రిటన్‌లో కొన్ని సైన్స్, ఇంజినీరింగ్ సబ్జెక్టుల్లో పీజీ, పీహెచ్‌డీ చేయాలన్నా, రీసెర్చ్ ఉద్యోగంలో చేరాలన్నా, వీసాకి అప్లై చేయకముందే వాళ్ల విదేశాంగ శాఖ దగ్గర తీసుకోవాల్సిన అనుమతి ఇది. పూర్తి పేరు అకడమిక్ టెక్నాలజీ అప్రూవల్ స్కీమ్. 2007 నవంబరులో మొదలైంది. అంతకు ముందు ఏడాది డిసెంబరులోనే భద్రతామండలి ఇరాన్ మీద 1737 నంబరు తీర్మానం చేసింది. అణు కార్యక్రమానికి పనికొచ్చే ప్రత్యేక చదువులు ఇరాన్ పౌరులకు అందకుండా చూసుకోమని అన్ని దేశాలకూ అందులో చెప్పారు. 2016లో ఉత్తర కొరియా మీద చేసిన తీర్మానాల్లోనైతే ఏకంగా సబ్జెక్టుల పేర్లే రాసేశారు. అడ్వాన్స్‌డ్ ఫిజిక్స్, న్యూక్లియర్, ఏరోస్పేస్, మెటీరియల్ సైన్స్, కెమికల్, మెకానికల్, ఎలక్ట్రికల్... మన ఇంజినీరింగ్ కాలేజీ బ్రాంచీల బోర్డులాగే ఉంటుంది ఆ జాబితా. బ్రిటన్ మొదట అణు, రసాయన, జీవాయుధాలు, వాటిని మోసే క్షిపణుల కోణంలోనే చూసేది. 2020 అక్టోబరు నుంచి అధునాతన సైనిక టెక్నాలజీని కూడా చేర్చారు. 2021 మే నుంచి రీసెర్చర్లకూ తప్పనిసరి చేశారు.

"మన దేశం మీద ఆంక్షలేం లేవుగా, నీకెందుకీ గోల?" అని మా బాబాయ్ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఇక్కడ లెక్క ఆంక్షలున్న దేశాలా కాదా అని కాదు. యూరోపియన్ యూనియన్ దేశాలు, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, జపాన్, దక్షిణ కొరియా, సింగపూర్ పౌరులకు మినహాయింపు ఉంది. ఆ లిస్టులో మనం లేం. లేనివాళ్లంతా లైన్లో నిలబడాల్సిందే.

పైగా నా టాపిక్ అలాంటిది మరి: మారేజింగ్ స్టీల్. సుమారు 18 శాతం నికెల్ ఉండే ఉక్కు. మెత్తగా ఉన్నప్పుడే కావాల్సిన ఆకారంలోకి మలిచి, ఆ తర్వాత 480 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే గట్టిపడుతుంది, పెద్దగా వంకర పోదు. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని మిధాని అనే ప్రభుత్వ సంస్థలో తయారవుతుంది. మన పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ మోటారు గోడలు ఈ ఉక్కువే. అణుబాంబుకి పనికొచ్చేలా యురేనియాన్ని శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్ యంత్రాల్లో గిరగిరా తిరిగే పల్చటి గొట్టాలకూ (రోటర్లకూ) ఇదే పనికొస్తుంది. అందుకే 1,950 మెగాపాస్కల్స్, ఆపైన బలం వచ్చే రకాలను అంతర్జాతీయ ఎగుమతి నియంత్రణ జాబితాల్లో పెట్టారు. 1970లలో ఏ.క్యూ. ఖాన్ అనే మెటలర్జీ ఇంజినీరు నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేస్తూ సెంట్రిఫ్యూజ్ డిజైన్లు పాకిస్తాన్‌కు పట్టుకుపోయాడు. అది తెలిసినవాళ్లు నా అప్లికేషన్ మీద రెండోసారి చూపు పెడితే తప్పేముంది? పరిశీలన చేసినందుకు నాకు ఎవరిమీదా కోపం లేదు. ఎదురుచూపు మాత్రం నరకం.

నేను చేయబోయేది రాకెట్టూ కాదు, రోటరూ కాదు. ఈ ఉక్కుతో ప్లాస్టిక్ మూతలు పోసే అచ్చులు. అచ్చులో ప్లాస్టిక్ పోయడానికి పట్టే టైమ్ కంటే అది చల్లారడానికి పట్టే టైమే ఎక్కువ. డ్రిల్లు తిన్నగానే పోతుంది కాబట్టి అచ్చుని చల్లార్చే నీళ్ల కాలువలు తిన్నగానే ఉంటాయి, మూలలు వేడిగానే మిగిలిపోతాయి. లేజర్‌తో పొడిని పొరపొరగా కరిగించి అచ్చుని ప్రింట్ చేస్తే, కాలువలు మూత వంపు వెంబడే తిరుగుతాయి. బాలానగర్‌లో అచ్చులు తయారుచేసే టూల్ రూమ్‌లో పనిచేసిన రోజుల నుంచీ నా బుర్రలో తిరుగుతున్న విషయం ఇది.

ఇక అసలు సంగతికొస్తే, మొదటి దండం మా కాలేజీ సీనియర్ అక్కకి. బ్రిటన్‌లో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే రీసెర్చ్ ఉద్యోగం) చేస్తోంది. స్టూడెంట్‌గా ఒకసారి, రీసెర్చర్‌గా ఇంకోసారి తనే అటాస్ తెచ్చుకుంది. పీహెచ్‌డీకి రీసెర్చ్ స్టేట్‌మెంట్ (ఏం పరిశోధన చేస్తామో చెప్పే కాగితం) యూనివర్సిటీ ఇస్తుంది, అటాస్ ఫారంలో మనం పెట్టేది అదే. నాకొచ్చినదాంట్లో మూడంటే మూడు వాక్యాలు. "హై పెర్ఫార్మెన్స్ మారేజింగ్ స్టీల్స్ ఫర్ డిమాండింగ్ అప్లికేషన్స్" అని మొదటి వాక్యం. గ్రాంటు ఇచ్చేవాళ్లకి ముద్దొచ్చే భాష. ఇక్కడి ఒక కన్సల్టెన్సీ అతనైతే ఆ ఉక్కు పేరే తీసేసి "స్పెషల్ స్టీల్" అని పెట్టమన్నాడు, ఫాస్ట్‌ట్రాక్ చేయిస్తానని డబ్బులూ అడిగాడు. (అటాస్‌కి ఫీజు లేదు. ఫాస్ట్‌ట్రాకూ లేదు. ఎవరైనా అడిగితే నవ్వి వచ్చేయండి.)

అక్క అది చదివి ఫోన్ చేసింది. "చూడు తమ్ముడూ, డిమాండింగ్ అప్లికేషన్స్ అంటే ఏంటో వాళ్లే ఊహించుకోవాలా? ఊహించుకోమంటే మిసైలే ఊహించుకుంటారు. పేరు దాచకు. ఏం చేస్తావో చెప్పించు, ఏం చేయవో కూడా చెప్పించు" అంది. ఆ రాత్రి గంటన్నర ఫోన్లోనే కూర్చుని, సూపర్‌వైజర్‌ని ఏమేం అడగాలో ఒక్కొక్కటే రాయించింది. ఏ గ్రేడు ఉక్కు? ముక్కల సైజెంత? కొలిచేది బలమా, వేడికి పగుళ్లు రావడమా? పార్ట్‌నర్ కంపెనీ ఏం తయారుచేస్తుంది? ఫలితాలు బయటికి ప్రచురిస్తారా?

నా మెయిల్ చూసి సూపర్‌వైజర్ చిన్నబుచ్చుకుంటారేమో అని నాకు ఒకటే టెన్షన్. ఆయన మర్నాటికల్లా పేజీ నిండా కొత్త స్టేట్‌మెంట్ రాసి పంపారు. అరచేతిలో పట్టే అచ్చు ముక్కలు మాత్రమే చేస్తామని, పల్చని గోడల గొట్టాలు ఈ ప్రాజెక్టులో ఉండవని, పార్ట్‌నర్ ప్యాకేజింగ్ కంపెనీ అని, పరీక్షలన్నీ ఏ ల్యాబుల్లో జరుగుతాయో అన్నీ రాశారు. కింద "ఇది ముందే నేను చేయాల్సింది" అని ఒక లైను. అంత పెద్దాయన ఇంకా చేరని స్టూడెంట్‌కి అలా రాయడం నేనైతే ఎప్పుడూ చూడలేదు. సార్, థాంక్యూ.

రెండో దండం బీటెక్‌లో మెటలర్జీ చెప్పిన మా సార్‌కి. కనీసం మూడేళ్లుగా మనల్ని తెలిసిన ఇద్దరి వివరాలు రెఫరీలుగా ఇవ్వాలి. సార్ రిటైరయ్యారు, కాలేజీ మెయిల్ ఐడీ మూతపడింది. మనవడి చేత కొత్త ఐడీ పెట్టించుకుని, వాళ్లు ఏమన్నా అడుగుతారేమోనని రోజూ పొద్దున్నే స్పామ్‌తో సహా చూసుకునేవారు. మధ్యమధ్యలో నాకే ఫోన్ చేసి "ఏమోయ్, ఇవాళా ఏం రాలేదోయ్" అని రిపోర్టు ఇచ్చేవారు. 1998లో పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా మన సంస్థల మీద పెట్టిన ఆంక్షలు ఆయన సర్వీసులో ఉండగా చూసినవే. ఆ రోజుల కథలు ఎన్ని చెప్పారో! రెండో రెఫరీ టూల్ రూమ్‌లో మా మేనేజర్ గారు. పని మానేసి వెళ్లిపోయినవాడి కోసం ఇంత శ్రద్ధ ఎవరు తీసుకుంటారండీ.

మామూలుగా 30 పనిదినాలు అంటారు, అంటే ఆరు వారాలు. వేసవి రద్దీలో ఇంకా సాగుతుంది. నాది బాగా సాగింది. అక్టోబరులో చేరాల్సిన తేదీ దాటిపోయింది. పొద్దున లేవగానే నాన్న "ఏమైందిరా ఆ సర్టిఫికెట్?" అనడం, నేను తల అడ్డంగా ఊపడం. అప్పుడు యూనివర్సిటీ పీజీ ఆఫీసులో ఒకావిడ, నేను ఇంకా అడక్కముందే, చేరే తేదీ జనవరికి మార్చాం, స్టైపెండ్ అలాగే ఉంటుంది, కొత్త క్యాస్ (వీసాకి కావాల్సిన అడ్మిషన్ ధ్రువీకరణ) పంపుతాం అని మెయిల్ పెట్టింది. ఆవిడ ముఖం కూడా నేను చూడలేదు. సబ్జెక్టు కోడ్ ఉన్న లెటర్ మొదట్లో పంపింది కూడా ఆవిడే. ఇంగ్లండ్ వెళ్లాక మొట్టమొదట కలిసేది ఆవిడనే, మా అమ్మ చేసిన అరిసెల డబ్బాతో.

ఇంకో మాట, మెకానికల్, ఏరో, మెటలర్జీ, కెమికల్ వాళ్లకి. సర్టిఫికెట్ వచ్చాక ఆరు నెలల్లోపు వీసాకి వాడుకోవాలి. యూనివర్సిటీ మారినా, రీసెర్చ్ టాపిక్ మారినా మళ్లీ కొత్తది తెచ్చుకోవాలి. మాస్టర్స్ వాళ్లకి మాడ్యూళ్ల (కోర్సులో చదివే పేపర్ల) పేర్లు కావాలి, అవి యూనివర్సిటీ నుంచే తెప్పించుకోండి. ఆఫర్ లెటర్‌లో అటాస్ అన్న మాట కనిపిస్తే, డిపాజిట్ కట్టేదాకా ఆగకుండా స్టేట్‌మెంట్ అప్పుడే అడగండి.

నాకు అక్క చేసినట్టు మీ స్టేట్‌మెంట్ ఒకసారి చదివిపెట్టమంటే చదువుతాను. జనవరి మొదటి వారం దాకా ఖాళీగానే ఉన్నాను, మెసేజ్ పెట్టండి. మెటీరియల్స్, మాన్యుఫాక్చరింగ్ అయితే నేనే చూస్తాను. కెమికల్ వాళ్లకి మాత్రం అక్కనే అడగాలి, తను సరేనంది.