జూన్ వస్తే ఆగిపోయే బీపీ మాత్ర

సంపాదకులకు నమస్కారం.

వైద్య శిబిరాల్లోనూ పత్రికల ఆరోగ్య శీర్షికల్లోనూ తరచూ వినిపించే ‘టెన్షన్ తగ్గించుకోండి’ అనే సలహా గురించి, ఖమ్మం జిల్లాలోని ఒక మండల కేంద్రంలో ఇరవై రెండేళ్లుగా మందుల దుకాణం నడుపుతున్నవాడిగా నాలుగు మాటలు రాయదలచాను.

పత్తి విత్తనాలు, ఎరువులు, పిల్లల బడి ఫీజులు, పాత అప్పు మీద వడ్డీ అన్నీ ఒకేసారి మీద పడే జూన్ నెలలో, మిగతా కాలమంతా నెలకు సరిపడా బీపీ మాత్రలు తీసుకెళ్లేవారు ‘ఇప్పటికి ఐదు చాలు’ అంటారు. ఆ ఐదూ అయిపోయాక పదిహేను, ఇరవై రోజుల దాకా మళ్లీ కనిపించరు. డబ్బు లేకనే ఇలా చేస్తున్నారని చాలా కాలం నేనూ అనుకున్నాను. కానీ అమ్లోడిపిన్ వంటి మాత్రకు రోజుకు అయ్యే ఖర్చు హోటల్లో టీ ఖర్చు కన్నా తక్కువ. ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్తే అదీ ఉండదు. పైగా అదే మనిషి అదే వారంలో తలనొప్పికో నడుము నొప్పికో డైక్లోఫెనాక్ మాత్రలు అడిగి మరీ కొంటాడు. బీపీ నొప్పి పెట్టదు కాబట్టి రేపటికి వాయిదా పడుతుంది, తలనొప్పి ఈ పూటే తగ్గాలి. విచారకరమైన సంగతి ఏమిటంటే, ఆ నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలవ చేసి బీపీని మరింత పెంచుతాయి, కొన్ని బీపీ మందులను సరిగా పని చేయనివ్వవు, ఎక్కువ కాలం వాడితే మూత్రపిండాలను దెబ్బ తీస్తాయి. డాక్టరు చీటీ లేకుండా వాటిని అమ్మకూడదని తెలిసి కూడా, ఎదుట నిలబడ్డవారి ముఖం చూసి ఇచ్చిన రోజులు నాకూ ఉన్నాయని ఒప్పుకోక తప్పదు.

షుగర్ ఉన్నవారి పరిస్థితి ఇంకా చిక్కు. మనిషి ఆందోళనలో ఉన్నప్పుడు అడ్రినల్ గ్రంథుల నుంచి కార్టిసాల్, అడ్రినలిన్ ఎక్కువగా విడుదలై, కాలేయంలోని గ్లూకోజ్ రక్తంలోకి వస్తుంది. అంటే మందు అవసరం పెరిగిన నెలలోనే మందు ఆగిపోతున్నదన్నమాట. నిద్ర చాలకపోతే ఆకలి కూడా పెరుగుతుంది కాబట్టి, పొద్దున ఏమీ తినకుండా విత్తనాల దుకాణాల చుట్టూ తిరిగినవారు సాయంత్రం బస్టాండులో మిర్చి బజ్జీల బండి దగ్గర ఆగడంలో ఆశ్చర్యం లేదు.

దీన్ని నిర్లక్ష్యమని కొట్టిపారేసేవారికి ఒక అధ్యయనం గురించి చెప్పాలి. తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు, చేతిలో డబ్బు ఆడని కోతల ముందు కాలంలో ఒకసారి, పంట డబ్బు అందాక మరొకసారి ఆలోచనా శక్తికి సంబంధించిన పరీక్షలు పెట్టగా, అదే రైతు కోతలకు ముందు తక్కువ చురుకుగా, తర్వాత మెరుగ్గా చేసినట్లు తేలింది. 2013లో ‘సైన్స్’ పత్రిక దాన్ని ప్రచురించింది. తెలివి తక్కువై కాదు, ఉన్న తెలివంతా అప్పుల లెక్కలకే సరిపోవడం వల్ల మిగతా విషయాలు వెనకబడతాయని దాని సారాంశం. నేను కౌంటరు ఇవతల నుంచి చూస్తున్నదీ అదే. అటువంటి మనిషికి టెన్షన్ తగ్గించుకొమ్మని చెప్పడమంటే, ఇప్పటికే బరువు మోస్తున్నవాడి నెత్తిన ఇంకో మూట పెట్టడమే.

అందుకే అధికారులకు నా విన్నపం ఒక్కటే. మా ప్రాంతంలో బీపీ, షుగర్ మాత్రలు ఒక నెలకు సరిపడానే ఇస్తున్నారు. సరిగ్గా పని ఒత్తిడి ఉన్న నెలలోనే ఆసుపత్రికి వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం రోగికి వదిలేస్తున్నట్లయింది. మే 17న ప్రపంచ రక్తపోటు దినం పేరిట ఎలాగూ శిబిరాలు పెడతారు. ఆ రోజున బీపీ చూసి పంపించేయకుండా, బీపీ అదుపులో ఉన్నవారికి ఆగస్టు చివరి దాకా సరిపోయే మాత్రలు ఒకేసారి ఇవ్వవచ్చు. అదుపులో లేనివారిని నెలనెలా డాక్టరు చూడవలసిందే, కాదనను. అయితే అటెనోలాల్ వంటి బీపీ మందు వాడేవారు ఉన్నట్టుండి మానేస్తే గుండెకే ముప్పు కనుక, వారి పేర్లు విడిగా రాసుకొని, జూన్, జూలై నెలల్లో ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి అట్టలో ఎన్ని మాత్రలు మిగిలాయో చూసి వస్తే చాలు. మనసు బాగా కుంగినవారి కోసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416ను మందుల సంచి మీదే ముద్రించడం పెద్ద ఖర్చు కాదు.

మాలాంటి దుకాణదారులు కూడా నొప్పి మాత్రలు అడిగినవారిని ‘బీపీ మందు వాడుతున్నారా, ఆపేశారా?’ అని ఒక్క మాట అడగవచ్చు. నేను అడగడం మొదలుపెట్టాను. కొందరు విసుక్కుంటున్నారు, కొందరు ఆగి ఆలోచిస్తున్నారు.

ఇట్లు,
ఒక మందుల దుకాణదారు,
ఖమ్మం జిల్లా