బూట్ కాని డిస్కుకు ముందే ఫార్మాట్ కొట్టకండి

సంపాదకులకు,

కంప్యూటర్ ఆన్ చేస్తే విండోస్ రాదు. నల్ల తెర మీద బూట్ డివైస్ దొరకలేదని వస్తుంది, లేదా నీలి తెర వచ్చి మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతుంది. అప్పుడు చాలామందికి అందే మొదటి సలహా ‘ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ ఎక్కించెయ్’ అని. అప్పటిదాకా క్షేమంగా ఉన్న ఫైళ్లు ఆ సలహాతోనే పోతాయి. పత్రికల్లో వచ్చే కంప్యూటర్ సలహాల్లోనూ ఈ మాట కనబడుతుంటుంది కాబట్టే ఈ ఉత్తరం.

విండోస్ లేవకపోవడం వేరు, డిస్క్ పోవడం వేరు. విండోస్‌ను లేపే బూట్ సమాచారం ఉండే చిన్న పార్టిషన్ (డిస్కులో విడిగా ఉండే భాగం) చెడినా, అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయినా, కేబుల్ వదులైనా విండోస్ రాదు. ఫైళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. హార్డ్‌డిస్కులో క్విక్ ఫార్మాట్ కూడా ఫైళ్లను చెరపదు. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికను మాత్రం కొత్తగా రాస్తుంది. ఆ తర్వాత ఎక్కే విండోస్ 20 జీబీకి పైగా కొత్త డేటాను పాత ఫైళ్ల చోటులో పరిచేస్తుంది. అలా పైన పడినచోట అంతకుముందు ఏముండేదో ఇక ఏ సాఫ్ట్‌వేరూ, ఏ ల్యాబూ తీయలేదు.

మొదట చూడాల్సింది బయాస్, అంటే విండోస్ కంటే ముందే వచ్చే కంప్యూటర్ సెట్టింగ్‌ల తెర. ఆన్ చేయగానే ఎఫ్2 గానీ డిలీట్ గానీ నొక్కితే వస్తుంది. డిస్క్ మోడల్ నంబరు, సైజు అందులో సరిగ్గా కనబడితే సగం గండం గడిచినట్టే. కనబడకపోతే కరెంటు తీసేసి, సాటా కేబులూ (డిస్కు డేటా తీగ) పవర్ కేబులూ ఊడదీసి మళ్లీ పెట్టాలి. ఆ తర్వాత వేరే కేబుల్‌తో, వేరే పోర్టులో చూడాలి. చెవి పెట్టి వినడమూ పరీక్షే. టక్ టక్‌మని ఒకే లయలో కొట్టుకుంటుంటే, లేదా సన్నగా బీప్‌మని తిరగకుండా ఆగిపోతుంటే హెడ్డో (డేటా చదివే మొన) మోటారో దెబ్బతిన్నట్టు. వెంటనే ఆపేయాలి. హెడ్ ప్లాటర్‌కు (డేటా ఉండే, గిర్రున తిరిగే పళ్లెం) కొన్ని నానోమీటర్ల ఎత్తున తేలుతూ పనిచేస్తుంది. అది వంగాక డిస్క్ తిరిగినకొద్దీ ప్లాటర్ పూత గీరుకుపోతుంది. అలాంటి డిస్కు దుమ్ములేని క్లీన్‌రూమ్ ఉన్న ల్యాబుకే వెళ్లాలి. మూత విప్పడం, ఫ్రీజర్‌లో పెట్టడం అసలు వద్దు. దుమ్ముతో, తేమతో ఉన్నది కాస్తా పోతుంది. అదే మోడల్ సర్క్యూట్ బోర్డు తెచ్చి మార్చినా చాలా డిస్కుల్లో పనిచేయదు. ఆ డిస్కుకే చెందిన సర్దుబాటు విలువలు పాత బోర్డు మీది రోమ్ చిప్‌లో ఉండిపోతాయి.

డిస్క్ మామూలుగా తిరుగుతుంటే 16 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. వేరే కంప్యూటర్‌లో రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో దాని మీదికి, విండోస్‌కు బదులు నడిచే ఉబుంటు సిస్టమ్‌ను ఎక్కించాలి (పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి పోతాయి, చూసుకోండి). ఎఫ్12 లేదా ఎఫ్9తో బూట్ మెనూ తెరిచి పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోవాలి. ఉబుంటు వచ్చాక ‘ట్రై’ అన్నదే నొక్కాలి, ‘ఇన్‌స్టాల్’ కాదు. విండోస్ పార్టిషన్‌లో యూజర్స్ ఫోల్డర్ తెరిస్తే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, ఫోటోలు అన్నీ అక్కడే ఉంటాయి. మళ్లీ దొరకని వాటిని ముందు ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ చేయండి. సినిమాలు ఆఖరున. విండోస్ పూర్తిగా షట్‌డౌన్ కాకుండా సగంలో ఆగి ఉంటే పార్టిషన్ చదవడానికి మాత్రమే తెరుచుకోవచ్చు. మనకు కావలసిందీ అదే. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో డేటా దాచే డ్రైవ్) అసలు కనబడదు. బయాస్‌లో స్టోరేజ్ రెయిడ్ మోడ్‌లో ఉంటే ఇలా అవుతుంది. ఏహెచ్‌సీఐ అనే మోడ్‌కు మార్చి చూడాలి.

డిస్కు ఊడదీసి వేరే కంప్యూటర్‌కు తగిలించేవాళ్లకు యూఎస్‌బీ అడాప్టర్ కావాలి. రెండున్నర అంగుళాల డిస్కుకు యూఎస్‌బీ ఇచ్చే 5 వోల్టులు చాలు. మూడున్నర అంగుళాల దానికి 12 వోల్టులు కూడా కావాలి, అంటే విడిగా పవర్ అడాప్టర్ ఉండాల్సిందే. తగిలించగానే ‘ఫార్మాట్ చేయాలా’ అని విండోస్ అడిగితే క్యాన్సిల్ నొక్కండి.

కాపీ మధ్యలో నిమిషాల తరబడి ఆగిపోతుంటే స్మార్ట్ వివరాలు (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) చూడాలి. 5, 197, 198 నంబర్ల ఎదుట ముడి విలువ (రా వాల్యూ) సున్నా కాకుండా పెరుగుతుంటే డిస్క్ ఉపరితలం చెడుతున్నట్టు. 199 పెరుగుతుంటే తప్పు ఎక్కువగా కేబుల్‌ది. ఉపరితలం చెడుతుంటే ఫైళ్లు ఒక్కొక్కటీ లాగడం ఆపి, డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేర్‌తో మొత్తం డిస్కుకు ఇమేజ్ (ఉన్నదున్నట్టు నకలు) తీయాలి. ఇమేజ్ పెట్టే డ్రైవ్‌లో పాత డిస్కు సైజు కంటే ఎక్కువ ఖాళీ ఉండాలి. మొదటి విడతలో చెడ్డ చోట్ల దగ్గర ఆగకుండా దాటేయమని చెప్పాలి, అప్పుడు సులువుగా చదవగలిగినదంతా ముందు బయటపడుతుంది. మ్యాప్ ఫైలు (ఎంతవరకు చదివిందో రాసుకునే ఫైలు) తప్పక ఇవ్వాలి. మధ్యలో కరెంటు పోయినా ఆగినచోటి నుంచే మొదలవుతుంది. మిగిలిన చోట్లకు రెండో విడతలో మూడు ప్రయత్నాలు చాలు. ఎంటర్ కొట్టే ముందు ఏది పాతది, ఏది కొత్తది అని మోడల్, సైజు చూసి రెండుసార్లు సరిచూసుకోవాలి. రెండూ తారుమారైతే పాత డిస్కు మీదే రాతపడుతుంది. యూఎస్‌బీ 2 పోర్టులో సెకనుకు 30 ఎంబీ లెక్కన 1 టీబీకి తొమ్మిది గంటలకు పైగా పడుతుంది, కాబట్టి యూఎస్‌బీ 3 పోర్టు వాడండి.

చెక్‌డిస్క్ (విండోస్‌లో డిస్కు తప్పులు సరిచేసే ఆదేశం) మాత్రం చెడుతున్న డిస్కు మీద నడపొద్దు. అది ఫైల్ సిస్టమ్ లెక్క సరిచేస్తుంది, మన ఫైళ్లు నిలుస్తాయో లేదో చూడదు, పైగా డిస్కు మీదే రాస్తుంది. ఏ మరమ్మతైనా ఇమేజ్ నకలు మీదే చేయాలి. పోయిన పార్టిషన్‌ను వెతికేది టెస్ట్‌డిస్క్ అనే సాఫ్ట్‌వేర్. అదీ కుదరకపోతే ఫోటోరెక్. అది ఫైళ్లను పట్టుకొస్తుంది గానీ వాటి పేర్లు, ఫోల్డర్లు మిగలవు.

ఎస్‌ఎస్‌డీ అయితే ఫార్మాట్ మరీ ప్రమాదం. క్విక్ ఫార్మాట్‌తోనే ట్రిమ్ ఆదేశం వెళ్తుంది, ఆ చోటంతా ఖాళీ అని డ్రైవ్ తుడిచేసుకుంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో బిట్‌లాకర్ తరహా ఎన్‌క్రిప్షన్ (డిస్కులోని డేటాకు వేసే తాళం) యజమానికి తెలియకుండానే ఆన్ అయి ఉండవచ్చు. అప్పుడు 48 అంకెల రికవరీ కీ లేనిదే ఉబుంటూ తెరవదు, ల్యాబూ తెరవలేదు. ఆ కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది.

పత్రికలో కంప్యూటర్ సలహాలు వేసేటప్పుడు, ‘ఫార్మాట్ చేయండి’ అన్న మాటకు ముందు ‘ఫైళ్లు బయటికి తీశాక’ అని చేర్చమని మా మనవి. కంప్యూటర్ బాగున్నప్పుడే ఆ 48 అంకెలనూ కాగితం మీద రాసి పెట్టుకోమని కూడా పాఠకులకు చెప్పండి.

ఇట్లు,
డేటా రికవరీ పనిలో ఉన్న సాంకేతిక నిపుణులు