బోర్డు విరిగితే గుంత మళ్లీ తవ్వనక్కర్లేదు

కావలిలో మా షాపులో ఊరి పేరు బోర్డులు, దారి బోర్డులు, స్కూలు బోర్డులు, లేఅవుట్ బోర్డులు చేయించుకున్న అందరికీ ఒక కబురు. ఇకమీదట రోడ్డు పక్కన పెట్టే ఏ బోర్డు పోల్‌నీ మేం నేరుగా కాంక్రీటులో పాతం. ముందు ఒక పొట్టి స్లీవ్ పైపుని భూమిలో కాంక్రీటు వేసి బిగిస్తాం. బోర్డు పోల్‌ని అందులోకి దింపి బోల్టు వేస్తాం. ఎవరైనా గుద్ది పోల్ వంచేస్తే బోల్టు విప్పి, దాన్ని పైకి లాగి, కొత్తది దింపడమే. దీనివల్ల రేటు పెరుగుతుంది. ఎంత పెరుగుతుంది, ఎందుకు పెరుగుతుంది, ఎక్కడ ఇది పనికిరాదు, అన్నీ ఇక్కడే చెప్పేస్తున్నా. ఫోన్‌లో ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి గొంతు పోతోంది.

మన పక్క బోర్డులు ఎందుకు పడిపోతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. కోతల కాలం వచ్చిందంటే వరికోత మిషన్లు పంచాయతీ రోడ్ల మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వస్తాయి. వాటి వెనకాల గడ్డి ట్రాక్టర్లు. సముద్రం వైపు రొయ్యల మేత లారీలు, ఐసు బండ్లు. బోర్‌వెల్ లారీ ఒక్కటి సందులో రివర్స్ తీసుకుంటే చాలు, మలుపులో ఉన్న బోర్డు పని అయిపోయినట్టే. తుఫాను వచ్చి పడేసేవి వేరే లెక్క. ఎంత బలంగా పాతినా ఈ రోడ్ల మీద కొన్ని బోర్డులకు దెబ్బ తగులుతూనే ఉంటుంది. మరి దెబ్బ తగిలాక అది ఎన్నాళ్లు వంగి పడి ఉండాలి? నేను చూస్తున్నది ఆ సంగతి.

నిజానికి ఖర్చంతా బోర్డుది కాదు, గుంతది. పాత పద్ధతిలో పోల్ వంగితే ఏం చేయాలో చూడండి. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న కాంక్రీటు దిమ్మ బరువు 200 కేజీలు దాటుతుంది. దాని చుట్టూ తవ్వాలి, గడ్డపార వేసి కదిలించాలి, పైకి దొర్లించాలి. లేదంటే పోల్‌ని నేల మట్టానికి గ్రైండర్‌తో కోసేసి, పక్కన ఇంకో గుంత తవ్వాలి. ఆ కోసిన మొండి అక్కడే ఉండిపోతుంది, రాత్రి పూట ఎవరి కాలో దానికి తగులుతుంది. కొత్త దిమ్మ ఆరేదాకా వారం రోజులు బోర్డు షాపులోనే ఉంటుంది. ఇద్దరు కూలీలు, మేస్త్రి, సిమెంటు, కంకర, ఆటో బాడుగ అన్నీ కలిపితే బోర్డు ఖరీదు కంటే ఎక్కువే అవుతుంది. అందుకే చాలా ఊళ్లలో వంగిన బోర్డు వంగినట్టే ఏళ్ల తరబడి ఉంటుంది. పోయినసారి ఒక సర్పంచి గారు అడిగారు కూడా, "ఏంది సామీ, రేకు బాగానే ఉంది గదా, మళ్లా గుంతకి దుడ్లెందుకు?" అని. న్యాయమైన ప్రశ్నే. పార కామ విరిగితే కొత్త కామ దిగ్గొడతాం గానీ పారని పారేయం కదా. ఇదీ అంతే.

ఇప్పుడు వాడుతున్న సైజులు చెప్తా, మీ ఊరి వెల్డింగ్ వాళ్లతో చేయించుకున్నా నాకేం అభ్యంతరం లేదు. పోల్ 50 బై 50 చదరపు పైపు, మందం 3 ఎం.ఎం. స్లీవ్ 60 బై 60, మందం 4 ఎం.ఎం. అంటే స్లీవ్ లోపలి ఖాళీ 52 ఎం.ఎం. పోల్ చుట్టూ ఒక్కో వైపు ఒక్క ఎం.ఎం. సందు మాత్రమే ఉంటుంది. పైపు తయారీలో లోపలి వైపు పొడుగునా ఒక వెల్డింగ్ గీత ఉబ్బుగా వస్తుంది. దాన్ని అరగదీయకపోతే పోల్ సగం దిగి ఆగిపోతుంది. సమ్మెటతో కొట్టి దింపారా, మళ్లీ బయటికి రాదు. కాబట్టి మా దగ్గర ప్రతి స్లీవ్‌లోకీ పోల్ దింపి, లాగి చూశాకే జింకు పూతకి పంపుతాం.

గుండ్రటి జీఐ పైపు చవక కదా అంటారు. చవకే. కానీ 50 ఎన్‌బీ పైపుని (ఎన్‌బీ అంటే పైపు లోపలి వ్యాసాన్ని సుమారుగా చెప్పే సైజు) 65 ఎన్‌బీ పైపులో దింపితే మధ్యలో దాదాపు 8 ఎం.ఎం. ఖాళీ ఉంటుంది, గాలికి ఊగుతుంది. పైగా బోల్టు కొంచెం లూజైతే చాలు, గుండ్రటి పైపు తిరుగుతుంది. తుమ్మలపెంట బీచికి దారి చూపాల్సిన బాణం సరుగుడు తోటలోకి చూపిస్తుంటే అసలు బోర్డు లేకపోవడమే నయం. చదరపు పైపు తిరగదు.

ఇందులో కీలకం ఏంటంటే, పోల్ కన్నా స్లీవ్ బలంగా ఉండాలి. ఈ సైజుల్లో స్లీవ్ వంపు బలం పోల్‌కి రెట్టింపు దాకా వస్తుంది. బండి గుద్దితే ముందు పోల్ వంగాలి, స్లీవ్ చెక్కుచెదరకూడదు. రెండూ ఒకే మందం పెడితే స్లీవ్ మూతి విచ్చుకుపోతుంది, అప్పుడు మళ్లీ గుంత దగ్గరికే వస్తాం. మూతి చుట్టూ అదనంగా ఒక ఇనుప పట్టీ వెల్డింగ్ చేస్తున్నది కూడా అందుకే. స్లీవ్ నేల పైన 5 సెంటీమీటర్లు మాత్రమే కనబడుతుంది. మరీ నేల మట్టానికి పెడితే మట్టి లోపలికి పోతుంది. 10 సెంటీమీటర్లు దాటితే, పోల్ విరిగాక ఆ మొండి కారు అడుగు భాగానికి తగులుతుంది. బోల్టు ఆ పైన కనబడే భాగంలోనే ఉంటుంది, విప్పడానికి మట్టి తవ్వే పని లేదు.

కొంతమంది వేరే రకంగా అడుగుతారు. "రైలు పట్టా ముక్క పాతెయ్యండి అన్నా, గుద్దినోడి బండి పోవాలి గానీ మన బోర్డు పోకూడదు" అని. కోపం అర్థమవుతుంది. కానీ రాత్రి పూట అదుపు తప్పి రోడ్డు దిగేది ఎప్పుడూ లారీనే కాదు, ఎక్కువసార్లు మన ఊరి కుర్రాడి బైకే. వంగని పోల్ ముందు మనిషి వంగుతాడు. ప్రపంచంలో చాలాచోట్ల రోడ్డు పక్క పోల్‌ని, బండి తగిలితే విరిగిపోయేలా లేదా ఊడిపోయేలా కావాలనే తయారు చేస్తారు. రైలు పట్టా, కాంక్రీటు స్తంభం, ఆరంగుళాల పైపు పెట్టమంటే మేం ఆ ఆర్డరు తీసుకోం. ఎంత ఇచ్చినా తీసుకోం.

అలాగని మరీ సన్న పోల్ పెట్టడానికీ లేదు, గాలి ఊరుకోదు. భవనాలకి గాలి లెక్క కట్టే ఐఎస్ 875 ప్రమాణంలో నెల్లూరుకి సెకనుకు 50 మీటర్ల వేగం రాసి ఉంది, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో చదరపు మీటరుకు దాదాపు 150 కేజీల తోపుడు వస్తుంది. 2 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు బోర్డు మీద 80 కేజీలు పైమాటే. ఆ తోపుడంతా పైన పడితే, ఒత్తిడంతా నేల దగ్గర పోల్ మీదకి వస్తుంది. అందుకే ఇప్పుడొక రూలు పెట్టుకున్నాం. 2 బై 2 అడుగుల దాకా ఒక పోల్. అంతకు మించితే రెండు పోల్స్, రెండు స్లీవ్‌లు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుఫానులో మన జిల్లా ఎలా తడిసి ముద్దయిందో గుర్తుందిగా. మట్టి నానాక గాలి వస్తే దిమ్మతో సహా పక్కకి ఒరుగుతుంది. ఈ పద్ధతి దాన్ని ఆపుతుందని నేను చెప్పను. ఒరిగిన దిమ్మని మళ్లీ వేయాల్సిందే.

మట్టి సంగతి ఎలాగూ వచ్చింది. కందుకూరు, కొండపి వైపు నల్లరేగడిలో వేసవికి నెర్రెలు, వానకి ఉబ్బు. అక్కడ గుంత మామూలు కన్నా లోతుగా తీసి, చుట్టూ గరుసు నింపుతాం, కూలి కొంచెం ఎక్కువ పడుతుంది. సముద్రం వైపు, రొయ్యల చెరువుల గట్ల మీద ఉప్పుతో ఇంకో బాధ. స్లీవ్ అడుగు మూసేస్తే వాన నీళ్లు లోపల నిలిచి పోల్‌ని కింద నుంచి తినేస్తాయి, పైకి ఏమీ కనబడదు. అందుకని అడుగు తెరిచే ఉంచి, కింద కంకర పోస్తాం. పోల్ దిగే భాగానికి గ్రీజు పూస్తాం, లేకపోతే ఉప్పు గాలికి రెండు పైపులూ ఒకదాన్నొకటి కరుచుకుపోతాయి. ఈ గ్రీజు ఏడాదికోసారి, వానలకి ముందు మీరే పూయించుకోవాలి. మా కుర్రాడు అటు వచ్చినప్పుడు పూస్తాడు గానీ, దాని మీద గ్యారంటీ మాత్రం ఇవ్వను.

రేకుని పోల్‌కి వెల్డింగ్ చేయడం కూడా మానేశాం. వెనక ఛానెల్ వేసి బోల్టులు బిగిస్తాం. పోల్ వంగినా రేకు బాగుంటే అదే కొత్త పోల్‌కి ఎక్కుతుంది. బోల్టు తల కింద నైలాన్ వాషరు తప్పనిసరి, లేకపోతే బిగించేటప్పుడు రేకు మీద అంటించిన మెరిసే ఫిల్ము చిరిగి, అక్కడి నుంచి నీళ్లు దిగి పొక్కు లేస్తుంది. అల్యూమినియం రేకుకీ ఇనుప ఛానెల్‌కీ మధ్య రబ్బరు ముక్క వేస్తాం, ఉప్పు గాలిలో ఆ రెండూ నేరుగా తగిలితే అల్యూమినియం తెల్లగా పొడి రాలుతుంది.

ఇక కొంతమందికి నచ్చని మాట. అన్ని బోర్డులకీ రంధ్రాల మధ్య దూరం ఒకటే, పోల్ సైజు ఒకటే, బోల్టు ఒకటే. "మాకు కొంచెం లావు పోల్ పెట్టండి", "మా గేటుకి మిగిలిన పైపు ఉంది, దాంతో చేయండి" అంటే ఇక కుదరదు. స్లీవ్ కన్నా, బోల్టు కన్నా ఈ పనిని సులువు చేసేది ఇదే. ఏ ఊరి పోల్ వంగినా షాపులో గోడకి ఆనించి ఉన్న ఏ పోల్ అయినా దానికి సరిపోవాలి. కొలత తీసుకోవడానికి ఒకసారి, బిగించడానికి ఒకసారి మనిషిని పంపే రోజులు పోయాయి. ప్రతి బోర్డు వెనకా ఒక నంబరు కొట్టి ఉంటుంది. బోర్డుకి ఏమైనా అయితే ఆ నంబరు, ఒక ఫోటో వాట్సాప్ చేయండి. పోలా, రేకా, రెండూనా అనేది ఫోటో చూసి చెప్తాం. స్టాకు ఉంటే మర్నాడు బోర్డు నిలబడుతుంది. పానా పట్టడం వచ్చిన మనిషి మీ ఊళ్లోనే ఉంటే పోల్ బస్సులో వేసి పంపుతాం, మా కూలి కూడా మిగులుతుంది మీకు.

సులువుగా విప్పగలిగేది దొంగ కూడా సులువుగా విప్పుతాడు. దీన్ని దాచడం ఎందుకు? పాత ఇనుము కొట్లో అల్యూమినియంకి మంచి రేటుంది. రేకు బోల్టులకి బిగించాక తల తెగిపోయే నట్లు వాడుతున్నాం, వాటికి పానా పట్టదు. రేకు మార్చాలంటే మేం వాటిని గ్రైండర్‌తో కోస్తాం, పది నిమిషాల పని. కింది బోల్టుకి మాత్రం మామూలు నట్టే ఉంచాం. దానికీ తాళం పెడితే ఇంత చేసిందీ దండగే. పోల్‌తో సహా ఎత్తుకుపోయేవాడు ఉంటే ఉంటాడు, అది గ్యారంటీలోకి రాదు. పోల్ లేని రోజుల్లో స్లీవ్ మూతికి మూత పెట్టడం మర్చిపోవద్దు, ప్రతి బోర్డుతో ఒకటి ఇస్తున్నాం. మేకపిల్ల కాలు దిగడానికి ఆ కంత చాలు.

ఈ పద్ధతి పెద్ద హోర్డింగులకి, ఊరి ఆర్చీలకి పనికిరాదు. వాటికి బేస్ ప్లేటు, యాంకర్ బోల్టులు, ఇంజనీరు లెక్క కావాలి. అలాగే హైవే స్థలంలో మీ లేఅవుట్ బోర్డు పెట్టమని అడగొద్దు. 2002 నాటి జాతీయ రహదారుల నియంత్రణ చట్టం ప్రకారం ఆ స్థలంలో అనుమతి లేకుండా ఏది పెట్టినా ఆక్రమణే. ఆర్ అండ్ బీ రోడ్డయినా, పంచాయతీ రోడ్డయినా అనుమతి కాగితం మీరు తెస్తేనే గుంత తవ్వుతాం. మలుపు, స్పీడ్ బ్రేకరు, స్కూలు లాంటి హెచ్చరిక బోర్డుల బొమ్మలు, రోడ్డు బోర్డులకి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పెట్టిన ప్రమాణం ఐఆర్‌సీ 67లో ఉన్నట్టే వేస్తాం. త్రిభుజంలో దాత ఫోటో పెట్టమంటే పెట్టం. దాత పేరు కావాలంటే వెనక రాయిస్తాం.

రేటు సంగతి. మొదటిసారి ఖర్చు పాత పద్ధతి కన్నా సుమారు 20 శాతం ఎక్కువ. స్లీవ్, రెండోసారి జింకు పూత, తల తెగే నట్లు, అన్నీ కలిసి అంత అవుతుంది. రెండోసారి నుంచి పోల్ ఖరీదు, కొద్దిపాటి కూలి అంతే. ఎవరూ గుద్దని మూలన, గుడి గోడ పక్కన, బడి కాంపౌండు లోపల పెట్టే బోర్డుకి ఇది అనవసరం, అక్కడ పాత పద్ధతే చవక. అలాంటి చోటికి ఇది అమ్మి డబ్బు చేసుకోవాలని లేదు. నాకు నష్టమేంటంటే, ఇన్నాళ్లూ రిపేరు పనుల మీద వచ్చిన ఆదాయం తగ్గుతుంది. వంగిన పోల్ మార్చే పని వల్లే వేసవిలో మా కుర్రాళ్లకి జీతాలు వెళ్లేవి. బోర్డు త్వరగా నిలబడుతుందని తెలిస్తే ఆర్డర్లు పెరుగుతాయనే ఆశతోనే చేస్తున్నా. పెరగకపోతే ఆ రేటు మళ్లీ చూసుకోవాల్సి వస్తుంది.

పాత బోర్డులున్నవాళ్లు ఇప్పుడే అన్నీ మార్చుకోవాల్సిన పని లేదు. నిలబడి ఉన్నదాన్ని నిలబడనివ్వండి. ఎప్పుడు వంగితే అప్పుడు, ఎలాగూ గుంత తవ్వే రోజే స్లీవ్ వేయించుకుంటే సరిపోతుంది. రేకు బాగుంటే రంధ్రాలు కొత్త కొలతకి వేసి అదే వాడతాం.

ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవాళ్లకి పాత రేటే, పాత పద్ధతే. స్లీవ్ కావాలనుకుంటే తేడా కడితే చాలు, కానీ పైపులు కోతకి వెళ్లకముందే చెప్పాలి. కోశాక మార్చమంటే ఆ పైపు నా నెత్తిన పడుతుంది. ఆదివారం తప్ప ఏ రోజైనా ఉదయం పూట షాపుకి రండి. గుమ్మం పక్కన ఒక స్లీవ్ పాతి పెట్టాం, పానా కూడా అక్కడే ఉంది. మీరే విప్పి, బిగించి చూసుకుని ఆర్డరు ఇవ్వండి.