బట్టల కొట్టు నుంచి శాసనసభకు

సంపాదకులకు నమస్కారం.

తెనాలిలో మాది బట్టల కొట్టు. బోస్టన్‌లో మా అబ్బాయి దగ్గరకు వెళ్ళినప్పుడు లూయిస్ హేడెన్ గారి ఇల్లు చూశాను. మామూలు ఇటుక ఇల్లే. ఆయన అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో బానిసగా పుట్టారు. మొదటి భార్యను, కొడుకును ఎవరికో అమ్మేస్తే మళ్ళీ వాళ్ళను చూడలేకపోయారు. ఆ సంగతి తెలిసి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

1844లో రెండో భార్య హ్యారియెట్‌తో, పిల్లవాడితో తప్పించుకున్నారు. తర్వాత బోస్టన్ చేరి బట్టల కొట్టు పెట్టారు. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళను ఇంట్లో దాచారు. పట్టుకోవడానికి ఎవరైనా వస్తే ఇల్లే పేల్చేస్తానని గుమ్మం దగ్గర మందుగుండు పీపాలు ఉంచారట! 1873లో బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. హ్యారియెట్ గారు తమ ఆస్తిని హార్వర్డ్‌లో వైద్యం చదివే నల్లజాతి విద్యార్థులకు రాసిచ్చారు.

మీ పిల్లల పేజీలో ఈ దంపతుల గురించి వేయండి.

– ఒక పాఠకుడు, తెనాలి