‘ఇంకా తెలియదు’ అని చెప్పిన ఆవిడకు

కాల్పుల రోజు మా అబ్బాయి క్షేమంగా ఇంటికి వచ్చాడు. ఆ సంగతి మీలో చాలామందికి తెలుసు. తెలిసినా ఫోన్ చేస్తూనే ఉన్నారు, నేనే ఎత్తలేకపోతున్నాను. ఈ పన్నెండు రోజులుగా బాకీ పడ్డ కృతజ్ఞతలన్నీ ఇక్కడ చెప్పుకుంటాను. బడి పేరు, ఊరి పేరు రాయడం లేదు. దెబ్బ తగిలిన పిల్లవాడు ఆసుపత్రి నుంచి ఇల్లు చేరి నాలుగు రోజులే అయింది. ఆ ఇంటి తలుపు ఎవరూ తట్టకూడదని నా కోరిక. టెక్సస్‌లో తెలుగువాళ్లు దండిగా ఉన్న ఒక శివారు ఊరు అనుకోండి, చాలు.

ఆ మంగళవారం పదకొండున్నర ప్రాంతంలో హైస్కూలు వ్యాయామశాల వెనక, కార్లు నిలిపే చోట, ఒక విద్యార్థి ఇంకొకడిని తుపాకీతో కాల్చాడు. తూటా తొడలోంచి దూసుకుపోయింది. కాల్చినవాడు పది నిమిషాల్లో దొరికిపోయాడు. ఇంతే. ఈ ‘ఇంతే’ అన్న మాట ఇవాళ రాయగలుగుతున్నాను. ఆ రోజు మధ్యాహ్నమంతా అది ఎంత దూరం పోయిందో మాలో ఒక్కరికీ తెలియదు.

2025-26 విద్యా సంవత్సరం నుంచి టెక్సస్ ప్రభుత్వ బడుల్లో పిల్లలు బడి వేళల్లో ఫోన్ వాడకూడదు. ఆ చట్టం వచ్చినప్పుడు సంతోషించిన తల్లుల్లో నేనూ ఉన్నాను, ఇప్పటికీ మాట మార్చను. కానీ పిల్లవాడి ఫోన్ సంచిలో మూగగా పడి ఉన్నప్పుడు, బడి లోపలి నుంచి మాకు వినిపించే గొంతు అధికారులది ఒక్కటే. ఆ గొంతు 11:52కు పలికింది. బడి లాక్‌డౌన్‌లో ఉంది, అంటే తలుపులన్నీ మూసి అందరినీ లోపలే ఉంచారు, విద్యార్థులు, సిబ్బంది అందరూ క్షేమం అని. హమ్మయ్య అనుకుని నీళ్లు తాగాను. అప్పటికే ఆ పిల్లవాడు అంబులెన్సులో ఉన్నాడు. 12:40కి టీవీలో, ఎదురు మేడ మీది నుంచి ఎవరో తీసిన వీడియోలో స్ట్రెచర్ కనిపించింది. ఇక్కడి బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్టు నుంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

నా ఉద్యోగం ఒక బ్యాంకు సర్వర్లను కనిపెట్టుకుని ఉండటం. రాత్రి రెండింటికి ఏదైనా పడిపోతే అరగంటకొకసారి మెయిల్ పంపాలి. చెప్పడానికి ఏమీ లేకపోయినా పంపాలి: వెతుకుతున్నాం, కారణం తెలియదు, మళ్లీ 2:30కి రాస్తాం. బాగుపడిందని తేలకముందే బాగుపడిందని రాసినవాడికి మర్నాడు మా దగ్గర జరిగే మర్యాద వేరు. డబ్బు లెక్కలు చూసే యంత్రాల విషయంలో పాటించే పద్ధతిని పదహారేళ్ల పిల్లల విషయంలో ఎందుకు పాటించరని కుతకుత ఉడికిపోయాను.

ఆ ఖాళీ గంటలో మా తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో వాన మొదలైంది. ఇద్దరు దుండగులట. అయిదుగురు పోయారట. గ్రంథాలయంలో బందీలట. గ్రూపు నడిపే అన్నయ్య తనొక్కరే రాసేలా తాళం వేసి, "మీరు కళ్లారా చూసింది నాకు పంపండి. బడి పంపింది నేను పెడతాను. మిగతాది ఇక్కడికి రాదు. తిట్టుకునేవాళ్లు తర్వాత తిట్టుకోండి" అని రాశారు. తర్వాత దాకా ఆగకుండా అప్పుడే తిట్టుకున్నదాన్ని నేను. అన్నయ్యా, ఆ తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

1:20కి వచ్చిన రెండో సందేశంలో ఒకరికి గాయమైందని ఒప్పుకున్నారు. పిల్లలను మైలున్నర దూరంలోని చర్చి హాల్లో అప్పగిస్తామన్నారు. నేను వెళ్లేసరికి అక్కడ మూడు వందల మందికి తక్కువ లేరు.

అక్కడ కనిపించారు ఆవిడ. బడి ఆఫీసులో హాజరు పట్టీలు చూస్తారట. యాభై దాటి ఉంటాయి, స్పానిష్ యాస, మెరిసే పసుపు కోటు. మైకు లేదు. మడత కుర్చీ ఎక్కి నిలబడి చెప్పారు: "ఇప్పుడు 1:45. ఒక విద్యార్థి ఆసుపత్రిలో ఉన్నాడు. వాళ్ల ఇంట్లోవాళ్లకు చెప్పాం. పోలీసులు గదులు ఒక్కొక్కటే చూస్తున్నారు. అన్నీ చూడటం అయిందా అంటే, ఇంకా తెలియదు. బస్సులు ఎప్పుడు బయల్దేరతాయో తెలియదు. 2:00కి మళ్లీ ఈ కుర్చీ ఎక్కుతాను."

‘వాళ్ల ఇంట్లోవాళ్లకు చెప్పాం’ అనగానే హాల్లో అందరూ తమ తమ ఫోన్లు చూసుకున్నారు. నేనూ చూసుకున్నాను. ఎవరూ చేయలేదు, అంటే నా బిడ్డ కాదు. ఆ క్షణం కలిగిన సంతోషానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

2:00కి ఎక్కారు. "కొత్తగా ఏమీ లేదు. 2:15కి వస్తాను." దిగారు. 2:15కి ఎక్కారు. నాలుగోసారికి హాల్లో ఏడుపులు ఆగలేదు గానీ అరుపులు ఆగాయి. జనం ఆవిడ మీద పడటం మానేసి గోడ గడియారం చూసుకుంటున్నారు.

టెక్సస్‌లో ఉంటూ అలాంటి హాల్లో కూర్చున్న తల్లికి ఈ రాష్ట్రంలోనే ఉన్న ఉవాల్డే ఊరు గుర్తుకు రాకుండా ఉండదు. 2022 మే 24న రాబ్ ఎలిమెంటరీ స్కూల్లో హంతకుడు లోపలికి దూరాక, పిల్లలు, సిబ్బంది భవనంలో క్షేమంగా ఉన్నారని ఆ డిస్ట్రిక్టు ఫేస్‌బుక్‌లో ప్రకటించింది. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. పోలీసులు వాడిని మట్టుబెట్టడానికి 77 నిమిషాలు పట్టింది. 2024 జనవరిలో అమెరికా కేంద్ర న్యాయశాఖ ఇచ్చిన నివేదికలో నన్ను అన్నిటికంటే కలచివేసింది మాత్రం ఒక బస్సు. పిల్లల కోసం కాచుకుని ఉన్న కుటుంబాలకు ఇంకొక బస్సు వస్తోందని చెప్పారు. అలాంటి బస్సు ఏదీ లేదు. ఆ రోజు ప్రతి పదిహేను నిమిషాలకు పసుపు కోటు ఆవిడ నోటి వెంట ‘బస్సు’ అన్న మాట కోసం ఎదురుచూస్తూ, అది తొందరపడి రాకూడదని కూడా కోరుకున్నాను.

3:20కి ఆవిడ చెప్పారు, మొదటి బస్సు కదిలిందని. ఎన్ని బస్సులో కూడా చెప్పారు. అన్నే వచ్చాయి.

పిల్లలను అప్పగించడానికి ఇక్కడ చాలా బడుల్లో ఒక పద్ధతి ఉంది. మధ్యలో చిల్లుల గీత ఉన్న కార్డు నింపి, డ్రైవింగ్ లైసెన్సు చూపించాలి. కింది సగం చింపుకుని ఒకరు పిల్లలున్న వైపు వెళతారు. కొలరాడోలో 2006లో బడిలో జరిగిన ఘాతుకంలో కూతురిని పోగొట్టుకున్న తల్లిదండ్రులు పెట్టిన సంస్థ దీన్ని రూపొందించింది. ఆ అమ్మాయి ఇంటికి పంపిన ఆఖరి సందేశం ‘ఐ లవ్ యు గైస్’, సంస్థకూ అదే పేరు. ఇంత ఆలోచించి చేసిన పద్ధతి కూడా మన ఇంటిపేర్ల దగ్గర ఆగిపోయింది. నా లైసెన్సు మీద ఉన్నది పుట్టింటి పేరు. పాస్‌పోర్టు పుణ్యమా అని మా అబ్బాయి పేరు చివర వాళ్ల నాన్న పేరు చేరింది. బల్ల దగ్గరి కుర్రవాడు రెండూ పక్కపక్కన పెట్టి చూసి, సరిపోవడం లేదన్నాడు. నాకు నోట మాట రాలేదు.

ఆవిడ వచ్చి కార్డు అందుకున్నారు. అత్యవసరానికి బడికి ఇచ్చిన నంబరు చెప్పమన్నారు. అది సరిపోయింది. అంతటితో వదలకుండా వాకీటాకీలో, "తీసుకువెళ్లడానికి ఎవరొస్తారో, ఏ కారులో వస్తారో అబ్బాయిని అడగండి" అన్నారు. కాసేపటికి జవాబు వచ్చింది: అమ్మ, బూడిద రంగు కారు, వెనక తలుపుకు సొట్ట. ఆ సొట్ట వాడి చలవే. 4:10కి వాడు నా ఎదుట నిలబడి ఉన్నాడు.

మా అమ్మ సంగతి మరిచాను. తెనాలి నుంచి వచ్చి మా దగ్గర ఉంటోంది. డిస్ట్రిక్టు యాప్ దానంతట అదే తెలుగు చేసి పంపిన ఒక సందేశం ఇలా ఉంది: ‘విద్యార్థులందరూ లెక్కలోకి తీసుకోబడ్డారు.’ అమ్మ మూడుసార్లు చదివి, "అంటే పోలీసులు పట్టుకుపోయారనా?" అని నాకు ఫోన్ చేసింది. మా వీధి చివరి ఇంట్లో పన్నెండో తరగతి అమ్మాయి ఆ రోజు జ్వరంతో ఇంట్లోనే ఉంది. బడి నుంచి వచ్చిన ప్రతి ముక్కనూ తన గొంతుతో తెలుగులో చెప్పి పెద్దవాళ్లకు పంపింది. "అమ్మమ్మగారూ, హాజరు వేశారు. ఒక్కరు తప్ప అందరూ ఉన్నారు. ఆ ఒక్కరి ఇంటికి ముందే కబురు వెళ్లింది." తల్లీ, ఇక్కడే పుట్టి పెరిగిన నీకు ‘కబురు’ అన్న మాట ఎక్కడ దొరికిందో గానీ, అమ్మ ఆ రికార్డింగును ఇంకా చెరపనివ్వడం లేదు.

శుక్రవారం తల్లిదండ్రుల సమావేశంలో, 11:52 సందేశం ఎవరు రాశారని అడిగాను. సమాచార విభాగం అధికారి లేచి నిలబడ్డారు. "నేను. గదుల లెక్క అందకముందే రాశాను. మీరు కంగారుపడకూడదని రాశాను." అప్పటికి ఉన్న సమాచారం మేరకు, అన్న గొడుగు అడ్డం పెట్టుకోలేదు. కొందరు కేకలు వేశారు, వేయాల్సిందే. ఆయనకు కృతజ్ఞతలు చెప్పడానికి నాకు ఇంకా నోరు రావడం లేదు. ఆ జవాబును మాత్రం నమ్మాను. ఇకమీదట ప్రతి సందేశంలో తెలిసినదీ, తెలియనిదీ, మళ్లీ ఎప్పుడు చెబుతారో ఆ సమయమూ ఉంటాయన్నారు. తెలుగు సందేశాన్ని మనిషి చదివాకే పంపుతామన్నారు. ఆ పనికి మనవాళ్లు ముగ్గురు పేర్లు ఇచ్చారు. చూద్దాం.

పులిహోర, పెరుగన్నం తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి, గంట కూడా కొట్టకుండా వెళ్లిపోయిన ఇరుగుపొరుగుకు, మా చిన్నదాన్ని ప్రాథమిక పాఠశాల నుంచి తెచ్చిన వదినకు, వారం రోజులు నా డ్యూటీలు పంచుకున్న సహోద్యోగులకు నమస్కారాలు. పిల్లలున్నవాళ్లు దయచేసి ఈ రాత్రే బడి రికార్డులు తెరిచి, మీ లైసెన్సు మీది పేరు అక్కడ అక్షరం పొల్లుపోకుండా ఉందేమో చూసుకోండి. అమ్మమ్మల, తాతల పేర్లు కూడా చేర్చండి.

పసుపు కోటు ఆవిడ పేరు ఆ రోజు అడగలేదు. కార్డు నింపమని తన మెడ తాడు నుంచి తీసి ఇచ్చిన పెన్ను నా సంచిలో ఉండిపోయింది. మూత మీద పళ్ల గాట్లు ఉన్నాయి, ఆవిడవో నావో. రేపు ఆఫీసు తెరిచే వేళకు వెళ్లి ఇచ్చి వస్తాను.